సమయోజనీయ హైడ్రైడ్‌లను వేలన్సీ ఎలక్ట్రాన్ల లెక్కతో వర్గీకరించడం ఎలా?

"సార్, మీథేన్‌లో కార్బన్ చుట్టూ ఎనిమిది ఎలక్ట్రాన్లు. అమోనియాలో నైట్రోజన్ చుట్టూ ఎనిమిది. నీళ్లలో ఆక్సిజన్ చుట్టూ కూడా ఎనిమిదే. మరి మొదటిది ప్రిసైజ్, మిగతా రెండూ రిచ్ ఎలా అయ్యాయి?"

ఇంటర్ మొదటి సంవత్సరం క్లాసులో ఏటా ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు. చాలా మంచి ప్రశ్న. ఒక మూలకం హైడ్రోజన్‌తో ఎలక్ట్రాన్లు పంచుకుని ఏర్పడేవే సమయోజనీయ హైడ్రైడ్‌లు. ఎలక్ట్రాన్ల లెక్కను బట్టి వాటిని డెఫిషియెంట్ (కొరత), ప్రిసైజ్ (సరిపడ్డవి), రిచ్ (అధికం) అని మూడుగా విడదీస్తారు. '13వ గ్రూపు డెఫిషియెంట్, 14 ప్రిసైజ్, 15 నుంచి 17 రిచ్' అని బట్టీ పట్టినవాళ్లకు ఈ అనుమానం రాదు. ఒక మార్కు ప్రశ్నకు ఆ బట్టీ చాలు. హైడ్రజీన్ ఇచ్చినా, డైబోరేన్‌కూ ఇథిలీన్‌కూ తేడా అడిగినా అది చేతులెత్తేస్తుంది.

అందుకే లెక్క వేసి తేల్చే పద్ధతిని వరుసగా రాస్తున్నాను. పక్కన తెల్లకాగితం, పెన్సిలు పెట్టుకుని చదవండి.

1. ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

పెద్దగా ఏమీ అక్కర్లేదు. మూలకం ఏ గ్రూపులో ఉందో తెలిస్తే దాని వేలన్సీ ఎలక్ట్రాన్లు, అంటే బయటి కక్ష్యలోని ఎలక్ట్రాన్లు, తెలిసినట్టే. 13 నుంచి 17 వరకు గ్రూపు సంఖ్యలో చివరి అంకెను తీసుకోండి.

- 2వ గ్రూపు (బెరీలియం, మెగ్నీషియం): 2
- 13 (బోరాన్, అల్యూమినియం, గాలియం): 3
- 14 (కార్బన్, సిలికాన్, జర్మేనియం, టిన్): 4
- 15 (నైట్రోజన్, ఫాస్ఫరస్, ఆర్సెనిక్, ఆంటిమొనీ): 5
- 16 (ఆక్సిజన్, సల్ఫర్, సెలీనియం): 6
- 17 (ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్): 7

హైడ్రోజన్ ఎప్పుడూ ఒక్క ఎలక్ట్రానే తెస్తుంది.

ఇక పేర్లు. ఎలక్ట్రాన్ కొరత అంటే క్లాసులో డెఫిషియెంట్ అనేది. ఎలక్ట్రాన్ సరిపడ్డది అంటే ప్రిసైజ్. ఎలక్ట్రాన్ అధికం అంటే రిచ్. కింద రెండు రకాల పేర్లూ వాడతాను, పరీక్షలో ఏది వచ్చినా తడబడకుండా.

2. మొదటి వడపోత: అసలు ఇది సమయోజనీయ హైడ్రైడేనా?

ఈ మూడు వర్గాలు సమయోజనీయ హైడ్రైడ్‌లకే. ఎక్కువమంది దాటేసే మెట్టు ఇదే. సోడియం హైడ్రైడ్ ఇవ్వగానే '1 + 1 = 2, ఎనిమిది కన్నా తక్కువ, కాబట్టి డెఫిషియెంట్' అని రాసేస్తారు. అది అయానిక హైడ్రైడ్. అందులో హైడ్రోజన్ హైడ్రైడ్ అయాన్‌గా స్ఫటికంలో కూర్చుని ఉంటుంది. అక్కడ ఈ లెక్కకు అర్థమే లేదు.

వడపోత ఇలా చేయండి:

- 1వ గ్రూపు లోహం, లేదా కాల్షియం, స్ట్రాన్షియం, బేరియం అయితే అయానిక హైడ్రైడ్. పక్కన పెట్టండి.
- పరివర్తన లోహమై, హైడ్రోజన్ పక్కన పూర్ణాంకం కాని సంఖ్య కనిపిస్తే లోహ హైడ్రైడ్. టైటానియంకు 1.5 నుంచి 1.8, పల్లాడియంకు 0.6 నుంచి 0.8 హైడ్రోజన్లు అంటారే, అవన్నీ ఈ కోవలోవే. పక్కన పెట్టండి.
- 13 నుంచి 17వ గ్రూపు మూలకాలైతే లోపలికి రానివ్వండి.
- బెరీలియం, మెగ్నీషియం 2వ గ్రూపులో ఉన్నా వాటి హైడ్రైడ్‌లలో సమయోజనీయ స్వభావం గట్టిగానే ఉంటుంది. బెరీలియంను నిస్సందేహంగా లోపలికి రానివ్వండి.

3. రెండు వరుసల లెక్క

కేంద్ర పరమాణువు వేలన్సీ ఎలక్ట్రాన్లను 'వ' అనుకుందాం. దానికి అంటుకున్న హైడ్రోజన్లు 'హ'.

మొదటి వరుస: వ + హ. కేంద్ర పరమాణువు చుట్టూ చేరే మొత్తం ఎలక్ట్రాన్లు ఇవి.

రెండో వరుస: వ − హ. బంధాలకు ఖర్చు పెట్టగా కేంద్ర పరమాణువు దగ్గర మిగిలేవి ఇవి. రెండుతో భాగిస్తే ఒంటరి జంటల సంఖ్య వస్తుంది.

ఇప్పుడు తీర్పు:

- వ + హ ఎనిమిది కన్నా తక్కువైతే కొరత. రెండో వరుసతో పని లేదు.
- వ + హ ఎనిమిదై, వ − హ సున్నా అయితే సరిపడ్డది.
- వ + హ ఎనిమిదై, వ − హ రెండు, నాలుగు లేదా ఆరు అయితే అధికం.

మొదట్లో అడిగిన ప్రశ్నకు జవాబు రెండో వరుసలో ఉంది. మీథేన్‌కు 4 + 4 = 8, 4 − 4 = 0. అమోనియాకు 5 + 3 = 8, 5 − 3 = 2. నీటికి 6 + 2 = 8, 6 − 2 = 4. హైడ్రోజన్ ఫ్లోరైడ్‌కు 7 + 1 = 8, 7 − 1 = 6. నాలుగింటిలోనూ మొత్తం ఎనిమిదే. మీథేన్‌లో ఎనిమిదీ బంధాల్లోనే ఉన్నాయి. అమోనియాలో రెండు, నీటిలో నాలుగు, హైడ్రోజన్ ఫ్లోరైడ్‌లో ఆరు బంధాల్లోకి దిగకుండా ఖాళీగా ఉన్నాయి. 'రిచ్' అన్న మాట ఆ ఖాళీ జంటలను చూసి పెట్టిందే. ఎనిమిదిని మించిన ఎలక్ట్రాన్లు ఎక్కడో ఉన్నాయని కాదు.

రెండు వరుసలూ ఎందుకు కావాలంటే, ఒక్కోటి విడిగా మోసం చేస్తుంది. మొదటి వరుస మీథేన్‌నూ అమోనియానూ విడదీయలేదు. రెండో వరుస ఒక్కటే వేస్తే బోరాన్‌కు 3 − 3 = 0, కార్బన్‌కు 4 − 4 = 0. బోరాన్ కూడా ప్రిసైజ్ అయి కూర్చుంటుంది!

4. ఒంటి పరమాణువు హైడ్రైడ్‌లు: వేగంగా నాలుగు

ఫాస్ఫీన్: 5 + 3 = 8, 5 − 3 = 2. ఒక ఒంటరి జంట, రిచ్.

సైలేన్: 4 + 4 = 8, 4 − 4 = 0. ప్రిసైజ్.

హైడ్రోజన్ సల్ఫైడ్: 6 + 2 = 8, 6 − 2 = 4. రెండు ఒంటరి జంటలు, రిచ్.

బెరీలియం హైడ్రైడ్: 2 + 2 = 4. సగమే ఉన్నాయి. కొరత. అందుకే అది విడి అణువులుగా కాక, హైడ్రోజన్ వారధులతో అల్లుకుపోయిన పాలిమర్ ఘనపదార్థంగా దొరుకుతుంది.

5. డైబోరేన్: ఇక్కడ తొందరపడొద్దు

బోరాన్‌కు మూడు హైడ్రోజన్లు అంటిస్తే 3 + 3 = 6. రెండు తక్కువ. అలాంటి అణువు ఒంటరిగా నిలవదు, రెండు కలిసి డైబోరేన్ అవుతాయి. దీన్ని కాగితం మీద మెట్టుమెట్టుగా చేద్దాం.

*మెట్టు ఒకటి.* చేతిలో ఉన్న ఎలక్ట్రాన్లు లెక్కపెట్టండి. రెండు బోరాన్‌లకు 6, ఆరు హైడ్రోజన్లకు 6. మొత్తం 12. ఈ 12 చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టండి. చివరిదాకా దీన్ని మరవొద్దు.

*మెట్టు రెండు.* ఎన్ని కావాలో చూడండి. ఎనిమిది పరమాణువులను మామూలు బంధాలతో కలపాలంటే కనీసం ఏడు బంధాలు కావాలి (దండలో ఎనిమిది పూసలుంటే మధ్యలో ఏడు సందులు ఉన్నట్టు). ఏడు బంధాలంటే 14 ఎలక్ట్రాన్లు. ఉన్నవి 12. కాబట్టి ఈథేన్ బొమ్మలో కార్బన్ తీసేసి బోరాన్ రాస్తే కుదరదు. ఈథేన్‌కు 8 + 6 = 14 సరిగ్గా ఉన్నాయి, దీనికి లేవు.

*మెట్టు మూడు.* చివర్లో ఉండే నాలుగు హైడ్రోజన్లకు, అంటే ఒక్కో బోరాన్‌కు రెండు చొప్పున, మామూలు బంధాలు వేయండి. ఎనిమిది ఎలక్ట్రాన్లు అయిపోయాయి. నాలుగు మిగిలాయి.

*మెట్టు నాలుగు.* మిగిలిన రెండు హైడ్రోజన్లను బోరాన్‌ల మధ్య వారధులుగా పెట్టండి. ఒక్కో వారధికి రెండు ఎలక్ట్రాన్లు. ఇక్కడ బోరాన్, హైడ్రోజన్, బోరాన్ మూడూ కలిసి రెండే ఎలక్ట్రాన్లు పంచుకుంటాయి. చలికాలం రాత్రి ఇద్దరికి సరిపోయే దుప్పటిని ముగ్గురు పిల్లలు కప్పుకున్నట్టు. పుస్తకాల్లో దీన్నే మూడు కేంద్రాలు, రెండు ఎలక్ట్రాన్ల బంధం అంటారు. అరటిపండు బంధం అన్నా ఇదే.

*మెట్టు ఐదు.* సరిచూసుకోండి. 8 + 2 + 2 = 12. సున్నా చుట్టిన సంఖ్యతో కలిసింది.

బొమ్మ గీసేటప్పుడు నాలుగు చివరి హైడ్రోజన్లూ, రెండు బోరాన్‌లూ ఒకే తలంలో ఉండాలి. వారధి హైడ్రోజన్లలో ఒకటి ఆ తలానికి పైన, ఒకటి కింద. చివరి బంధం పొడవు దాదాపు 119 పికోమీటర్లు, వారధి బంధం దాదాపు 133. ముగ్గురి మధ్య దుప్పటి పలచబడింది కదా, బంధం పొడవు పెరిగింది.

ఆ వారధులను గీతలతో గీసే అలవాటే చాలామందిని బోల్తా కొట్టిస్తుంది. బొమ్మలో మొత్తం ఎనిమిది గీతలు కనిపిస్తాయి. గీతకు రెండు చొప్పున 16 అనుకుంటే పప్పులో కాలేసినట్టే. వారధి దగ్గరి గీతలను చుక్కల గీతలుగా గీయండి, లేదా వంపుగా గీయండి. నా క్లాసులో రంగు మార్చి గీయమంటాను.

ఇంకో అనుమానం కూడా వస్తుంది. వారధులు వేశాక ప్రతి బోరాన్ చుట్టూ నాలుగు జంటలు చేరాయి, అష్టకం (ఎనిమిది ఎలక్ట్రాన్లు) పూర్తయినట్టే కనిపిస్తుంది. మరి ఇంకా కొరత అంటారేం? అణువు మొత్తంలో కలపాల్సిన చోట్లు ఎనిమిది, ఉన్న జంటలు ఆరు. కొరత తీరలేదు, సర్దుకున్నారంతే. అమోనియా లాంటిది తన ఒంటరి జంటతో వచ్చిందంటే వారధి వెంటనే తెగిపోతుంది. సొంత దుప్పటితో వచ్చిన చుట్టాన్ని ఎవరు వద్దంటారు?

అల్యూమినియం హైడ్రైడ్ లెక్క కూడా 3 + 3 = 6 దగ్గరే మొదలవుతుంది. కానీ అది రెండు రెండుగా ఆగిపోదు. ఘనస్థితిలో ప్రతి అల్యూమినియం చుట్టూ ఆరు హైడ్రోజన్లు వారధులుగా చేరే పెద్ద అల్లికగా ఉంటుంది.

6. హైడ్రోజన్ కాని పరమాణువులు రెండు, అంతకు మించి ఉంటే

'హ' బదులు ఆ పరమాణువు వేసుకున్న బంధాలన్నిటినీ తీసుకోండి. ద్విబంధాన్ని రెండుగా, త్రిబంధాన్ని మూడుగా లెక్కించాలి. ఒక్కో పరమాణువును విడిగా చూడండి.

- హైడ్రజీన్: నైట్రోజన్‌కు 5, బంధాలు 3 (రెండు హైడ్రోజన్లు, ఒక నైట్రోజన్). 5 − 3 = 2. ఒక్కో నైట్రోజన్‌పై ఒక ఒంటరి జంట. రిచ్.
- హైడ్రోజన్ పెరాక్సైడ్: ఆక్సిజన్‌కు 6, బంధాలు 2. 6 − 2 = 4. ఒక్కోదానిపై రెండు జంటలు. రిచ్.
- ఇథిలీన్: కార్బన్‌కు 4, బంధాలు 4 (రెండు హైడ్రోజన్లు, ద్విబంధానికి రెండు). మిగులు సున్నా. ప్రిసైజ్.

ఇథిలీన్‌ను డైబోరేన్ పక్కన పెట్టి చూడండి. దానికీ 12 ఎలక్ట్రాన్లే. కానీ కలపాల్సినవి ఆరు పరమాణువులు, కనీసం ఐదు బంధాలు, 10 ఎలక్ట్రాన్లు చాలు. మిగిలిన రెండూ రెండో బంధానికి పోయాయి. అదే 12 డైబోరేన్‌కు చాలలేదు, ఎందుకంటే అక్కడ కలపాల్సినవి ఎనిమిది. ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఎన్ని అవసరం అన్నదే తేలుస్తుంది.

పెద్ద బోరేన్‌లకు ఈ చిట్కా బాగా పనికొస్తుంది. పరమాణువుల సంఖ్యలోంచి ఒకటి తీసేసి రెండుతో గుణించండి. వచ్చిన సంఖ్య కన్నా ఎలక్ట్రాన్లు తక్కువ ఉంటే కొరత ఖాయం. ఒంటి బోరాన్ హైడ్రైడ్‌కు మాత్రం దీన్ని వాడొద్దు. అక్కడ 4 − 1 = 3, రెండుతో గుణిస్తే 6, ఉన్నవీ 6. సరిపోయినట్టు భ్రమ కలుగుతుంది. ఒంటి పరమాణువైతే మూడో భాగంలోని అష్టకం లెక్కే దిక్కు.

7. ఛార్జి ఉన్నప్పుడు

ధనావేశం ఉంటే 'వ' లోంచి ఒకటి తీసేయండి. రుణావేశం ఉంటే ఒకటి కలపండి. మిగతా అంతా మామూలే.

అమోనియం అయాన్: 5 − 1 = 4. ఇక 4 + 4 = 8, 4 − 4 = 0. మీథేన్ లెక్కే. బోరోహైడ్రైడ్ అయాన్: 3 + 1 = 4. మళ్లీ అదే. కొరతతో ఉన్న బోరాన్ ఒక హైడ్రైడ్ అయాన్‌ను చేర్చుకోగానే సరిపడ్డ స్థితికి వచ్చింది. మూడు వర్గాల పేర్లు తటస్థ హైడ్రైడ్‌లకు పెట్టినవే అయినా, అయాన్లలో ఒంటరి జంట ఉందా లేదా తేల్చుకోవడానికి ఈ లెక్క చక్కగా సరిపోతుంది.

8. వర్గం తేలాక ఏం చెప్పవచ్చు, ఏం చెప్పకూడదు

కొరత ఉన్నవి ఎలక్ట్రాన్ జంట కోసం చేయి చాస్తాయి. లూయీ ఆమ్లాలు. డైబోరేన్ ట్రైమిథైలమైన్‌తోనూ, కార్బన్ మోనాక్సైడ్‌తోనూ సంకలన పదార్థాలు ఇస్తుంది.

అధికంగా ఉన్నవి ఇవ్వగలవు. లూయీ క్షారాలు. అమోనియా మంచి ఉదాహరణ. కానీ ఇవ్వగలగడం వేరు, ఇవ్వడానికి ఉత్సాహం చూపడం వేరు. హైడ్రోజన్ క్లోరైడ్‌కు మూడు ఒంటరి జంటలున్నా నీటిలో అది ఆమ్లమే. ఫాస్ఫీన్‌కు అమోనియాలాగే ఒక జంట ఉన్నా, క్షారంగా చాలా బలహీనం.

సరిపడ్డవి చతుర్ముఖీయ ఆకృతిలో, 109.5 డిగ్రీల కోణంతో ఉంటాయి (కార్బన్ ఒక్కో దానికి నాలుగు ఏక బంధాలున్నప్పుడు). ఒంటరి జంట వస్తే కోణం తగ్గుతుంది. అమోనియాలో 107, నీటిలో 104.5. అయితే ఫాస్ఫీన్‌లో దాదాపు 93.5, హైడ్రోజన్ సల్ఫైడ్‌లో దాదాపు 92. కాబట్టి జంటల సంఖ్య చూసి కోణం చెప్పడం రెండో పీరియడ్ దాకానే.

హైడ్రోజన్ బంధం సంగతి. రిచ్ అయితే చాలదు, నైట్రోజన్, ఆక్సిజన్, ఫ్లోరిన్‌లలో ఒకటి కావాలి. మరిగే ఉష్ణోగ్రతలు చూస్తే తేటతెల్లం (సెల్సియస్‌లో):

- అమోనియా −33, ఫాస్ఫీన్ −88
- నీరు 100, హైడ్రోజన్ సల్ఫైడ్ −60
- హైడ్రోజన్ ఫ్లోరైడ్ 19.5, హైడ్రోజన్ క్లోరైడ్ −85
- మీథేన్ −161, సైలేన్ −112

చివరి వరుసలో మాత్రం క్రమం తిరగబడింది. ఒంటరి జంట లేదు, హైడ్రోజన్ బంధం లేదు, బరువైన సైలేనే ఎక్కువ ఉష్ణోగ్రత వద్ద మరుగుతుంది. ఇక హైడ్రోజన్ ఫ్లోరైడ్‌కు జంటలు మూడు ఉన్నా నీటిదే పైచేయి. నీటికి రెండు జంటలు, రెండు హైడ్రోజన్లు, జతలు సరిగ్గా కుదిరాయి. ఫ్లోరైడ్‌కు జంటలు మూడున్నా పట్టుకోవడానికి ఇచ్చే హైడ్రోజన్ ఒక్కటే.

9. తరచూ జరిగే తప్పులు, వాటికి మందు

*"ప్రిసైజ్ అంటే చర్య జరపనిది."* కాదు. సైలేన్ గాలి తగిలితే దానంతటదే అంటుకుంటుంది. ప్రిసైజ్ అన్నది ఎలక్ట్రాన్ల లెక్క, ప్రవర్తనకు ఇచ్చిన సర్టిఫికెట్ కాదు.

*హైడ్రోజన్లను కూడా కేంద్ర పరమాణువులుగా లెక్కించడం.* హైడ్రోజన్‌కు రెండు ఎలక్ట్రాన్లు చాలు. అష్టకం లెక్క దానికి వేయకండి.

*వ − హ విలువనే ఒంటరి జంటలుగా రాయడం.* నీటికి నాలుగు ఒంటరి జంటలు అని రాసిన జవాబు పత్రాలు లెక్కలేనన్ని చూశాను. నాలుగు అనేది ఎలక్ట్రాన్లు. జంటలు రెండు. పక్కనే '÷ 2' అని రాసుకునే అలవాటు చేసుకోండి.

*మొత్తం పరమాణు సంఖ్య వాడటం.* ఫాస్ఫరస్‌కు 15 తీసుకోవద్దు, 5 తీసుకోండి. టెన్షన్‌లో ఇది ఎంత తెలివైనవాళ్లకైనా జరుగుతుంది.

10. జవాబు రాసే ముందు చెక్‌లిస్ట్

- అయానిక, లోహ హైడ్రైడ్ కాదని చూశానా?
- ఛార్జి ఉంటే 'వ' సర్దానా?
- వ + హ ఎనిమిదా, తక్కువా?
- ఎనిమిదైతే వ − హ వేసి, రెండుతో భాగించానా?
- కొరత అయితే అది నిజంగా ఏ రూపంలో ఉంటుందో (డైమర్, పాలిమర్) ఒక మాట రాశానా?
- జవాబులో వర్గం పేరుతో పాటు ఒంటరి జంటల సంఖ్య ఉందా?

11. చేసి చూడండి

జర్మేన్, స్టిబీన్ (ఆంటిమొనీకి మూడు హైడ్రోజన్లు), కాల్షియం హైడ్రైడ్, హైడ్రోజన్ సెలెనైడ్, ఎసిటిలీన్, టెట్రాబోరేన్ (నాలుగు బోరాన్‌లు, పది హైడ్రోజన్లు), హైడ్రోనియం అయాన్. కింద చూడకుండా వేయండి.

జర్మేన్ ప్రిసైజ్. స్టిబీన్ రిచ్, ఒక జంట. కాల్షియం హైడ్రైడ్ అయానికం, వడపోతలోనే పోయింది. హైడ్రోజన్ సెలెనైడ్ రిచ్, రెండు జంటలు. ఎసిటిలీన్‌లో ప్రతి కార్బన్‌కూ ఒక హైడ్రోజన్, ఒక త్రిబంధం, మొత్తం నాలుగు బంధాలు, ప్రిసైజ్. టెట్రాబోరేన్‌కు ఉన్నవి 12 + 10 = 22, పద్నాలుగు పరమాణువులను కలపడానికి కనీసం 26 కావాలి, డెఫిషియెంట్. హైడ్రోనియంలో 6 − 1 = 5, 5 + 3 = 8, 5 − 3 = 2, ఒక జంట ఉంది. హైడ్రోనియంకు రెండు జంటలు రాశారంటే ఏడో భాగం మరోసారి చూడండి, ఛార్జి తీసేయడం మర్చిపోయారు.